కుర్చీ వదిలేందుకు భయపడనివాళ్లు

నృపేన్ చక్రవర్తి 1978 నుంచి 1988 వరకు త్రిపుర ముఖ్యమంత్రి. ఎన్నికల్లో ఓడిపోయి అధికార నివాసం ఖాళీ చేసినప్పుడు ఆయన వెంట వచ్చిన ఆస్తి ఒక రేకు పెట్టె. ఆయన దగ్గర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన మనిషి మన రాష్ట్రం నుంచి వెళ్లినవారే: ఎస్.ఆర్. శంకరన్. పుట్టింది తమిళ గడ్డ మీదైనా, ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా వచ్చి చివరిదాకా తెలుగువాళ్ల మనిషిగానే బతికారు.

శంకరన్ అసలు త్రిపుర ఎందుకు వెళ్లవలసి వచ్చిందో గుర్తు చేసుకోవాలి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. వెట్టి కిందికి వచ్చే పాత బాకీలన్నీ ఆ చట్టంతో చెల్లిపోయాయి. అయితే తాత చేసిన అప్పుకు మనవడు పాలేరుగా పడి ఉన్న పల్లెల్లో ఆ సంగతి ఎవరు చెబుతారు? సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శిగా శంకరన్ ఆ పని భుజాన వేసుకున్నారు. దళిత వాడలకు వెళ్లి కూర్చున్నారు, కింది అధికారులను కూర్చోబెట్టారు. భూస్వాములకు కోపం వచ్చింది. సర్కారు పెద్దలతోనూ పొసగలేదు. ఆయన పద్ధతి మార్చుకోలేదు, రాష్ట్రం వదిలి వెళ్లారు.

పెళ్లి చేసుకోలేదు. జీతంలోంచి, తర్వాత పింఛనులోంచి పేద పిల్లల చదువులకు డబ్బు వెళ్తూనే ఉండేది. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు. 1997లో మొదలైన పౌర స్పందన వేదికకు ఆయన పెద్దదిక్కు. ప్రభుత్వమూ నక్సలైట్లూ 2004లో చర్చలకు కూర్చోవడం వెనక ఆ వేదిక ఏళ్ల తరబడి చేసిన కృషి ఉంది. ఇటు ప్రభుత్వమూ అటు అడవిలో ఉన్నవాళ్లూ ఆయన మాట విన్నారంటే, ఈ మనిషికి సొంతంగా కావలసింది ఏమీ లేదన్న నమ్మకం రెండు వైపులా ఉండబట్టే.

తక్కువ సామానుతో బతకడం గురించి ఈ రోజుల్లో చాలా మాటలు వినిపిస్తున్నాయి. అల్మరా సర్దుకుంటే మనసు తేలికపడుతుందని, తెల్ల గోడల గది ప్రశాంతతనిస్తుందని అంటారు. అది నిజమే కావచ్చు, కానీ చిన్న ప్రయోజనం. అసలు లాభం మరోచోట ఉంది. కారు, ఫ్లాటు, ఫోను అన్నీ వాయిదాల మీద ఉన్న ఉద్యోగి, పై అధికారి తప్పుడు కాగితం మీద సంతకం పెట్టమన్నప్పుడు ముందు తలచుకునేది వచ్చే నెల ఒకటో తేదీనే. పిరికితనం అతని స్వభావం కాకపోవచ్చు. చేతిలో ఉన్న సామానే అతని చేత తల ఊపిస్తుంది.

సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్లిన వావిలాల గోపాలకృష్ణయ్యకు ఖద్దరు బట్టలు, గుడ్డ సంచి సరిపోయాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడై పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లారు. వారసత్వంగా వచ్చిన ఆస్తిని ఉద్యమానికి ఇచ్చేశారు. పుస్తకాలు మాత్రం కూడబెట్టారు, అవీ చివరికి హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని విజ్ఞాన కేంద్రంలో అందరివీ అయ్యాయి.

వీళ్లలో కొందరు బ్రహ్మచారులు, సుందరయ్య దంపతులు పిల్లలు వద్దనుకున్నారు. పిల్లల ఫీజులు, అమ్మానాన్నల మందులు మోసే గృహస్థుకు ఈ దారి యథాతథంగా కుదరదు, కుదరాలని అడగడమూ న్యాయం కాదు. ఇంకా పెద్ద అన్యాయం ఒకటుంది: పేదవాడికి నిరాడంబరత బోధించడం. కప్పు కారే ఇంట్లో ఉన్నవాడికి రెండో గది కావాలి, పాఠాలు కాదు. శంకరన్ తనకు ఏమీ అక్కర్లేదనుకుంటూనే కూలీలకు భూమి, ఇల్లు, చదువు కావాలని బతుకంతా పోరాడారు. కడుపు నిండినవాడు తనంతట తాను తగ్గించుకోవడం వేరు, లేనివాడిని సర్దుకోమనడం వేరు. మొదటిదాన్ని మెచ్చుకునేవాళ్లు రెండోదాన్ని సహించకూడదు.

ఇల్లెందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య బస్సులో వచ్చి పోయిన ఎమ్మెల్యే. అలాంటివారికి ఇప్పుడు టికెట్ వస్తుందా? అభ్యర్థులు ఆస్తుల అఫిడవిట్ ఇవ్వాలని సుప్రీంకోర్టు ఆదేశించి రెండు దశాబ్దాలు దాటింది. ఎన్నికలొస్తే పత్రికలు, చానెళ్లు ఆ లెక్కలు తీసి ఎవరికి ఎన్ని కోట్లో పైనుంచి కిందికి వరుస పెట్టి చూపిస్తాయి. ఈసారి ఆ పట్టికను కింది నుంచి మొదలుపెట్టాలి. తక్కువ ఆస్తి చూపినవాళ్లలో నిజంగానే అలా బతికేదెవరో, పేరు మార్చి దాచిందెవరో విలేకరులు ఊళ్లకు వెళ్లి కనుక్కోవాలి. మొదటి రకం వాళ్లు ఏ పని చేశారో, ఎవరికి కాదని చెప్పారో మొదటి పేజీలో రాయాలి.