బుడమేరుకు ఒక అంకె కావాలి

గోదావరికి వరద వస్తోందంటే కోనసీమలో ఎవరూ ఆకాశం వైపు చూడరు. భద్రాచలం దగ్గర ఎంత ఉందని అడుగుతారు. అక్కడ 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడ లెక్క అడుగుల నుంచి క్యూసెక్కుల్లోకి మారుతుంది: 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షలు. లంకల్లో బడి మెట్లెక్కని రైతుకైనా ఈ అంకెలు కంఠతా వచ్చు. ఏ అంకె దగ్గర పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలాలో, ఎప్పుడు ధాన్యం బస్తాలు పైకెత్తాలో, ఎప్పుడు ముసలివాళ్లనీ పసివాళ్లనీ ముందు పడవలో గట్టు అవతలి చుట్టాలింటికి పంపాలో అతనికి తెలుసు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3. పాత వరదను కళ్లారా చూసినవాళ్లు కొత్త వరద నాటికి తాతలయ్యారు. ఆ లెక్కను మాత్రం మనవలకు అప్పజెప్పే ఉన్నారు.

అక్కడి నుంచి కొన్ని గంటల ప్రయాణం చేస్తే వచ్చే విజయవాడలో 2024 సెప్టెంబరు 1, ఆదివారం, లక్షల మంది ఏ అంకే తెలియకుండా నీళ్లలోకి నిద్ర లేచారు. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, ఇటు జక్కంపూడి, భవానీపురం. ఉదయం మడమల దాకా ఉన్న నీరు చూస్తుండగానే నడుముకు, మెడకు వచ్చింది. కింది అంతస్తు వాళ్లు పైఅంతస్తుకు ఎక్కారు. పై అంతస్తు లేనివాళ్లు పక్కింటి డాబా ఎక్కారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు తర్వాత వచ్చాయి. మొదటి రోజు ప్రాణాలు నిలిపింది పక్కింటి మెట్లే.

ఈ వరదను కృష్ణా వరద అనుకున్నవాళ్లు బయట చాలామంది ఉన్నారు. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు నమోదైన మాట నిజమే. 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల రికార్డును అది దాటేసింది. కానీ నది ఒడ్డునే ఉండి, కృష్ణకు వరద వచ్చిన ప్రతిసారీ మునిగే కృష్ణలంక ఈసారి రిటైనింగ్ వాల్ పుణ్యమా అని చాలావరకు నిలబడింది. ఆ గోడ ఘనత మాదంటే మాదని పార్టీలు పోట్లాడుకుంటాయి గానీ, రెండు ప్రభుత్వాల హయాంలో దశలవారీగా లేచిన గోడ అది. మునిగింది కృష్ణకు దూరంగా, నదితో మాకేం పని అనుకుని బతుకుతున్న కాలనీలు. ముంచింది ఏడాదిలో ఎక్కువ రోజులు మురుగుకాలువలా కనిపించే బుడమేరు.

మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే ఏరు ఇది. బెజవాడ దుఃఖదాయిని అన్న పేరు దీనికి ఎప్పటి నుంచో ఉంది. వరదను ఊళ్లోకి రానీయకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, మళ్లింపు కాలువ తవ్వి కృష్ణలోకి తిప్పారు. ఏర్పాటు బాగానే ఉంది, కృష్ణలో నీరు తక్కువగా ఉన్నంతకాలం. కృష్ణే పొంగుతుంటే మళ్లింపు కాలువ నీటికి పోయే దారి లేదు, ఎగదన్నుతుంది. 2024లో జరిగింది అదే. కొండల మీద కురిసిన కుంభవృష్టీ, కృష్ణ వరదా ఒకేసారి వచ్చాయి. కాలువ మోయగలిగిన దానికి రెట్టింపు మించి నీరొచ్చింది. కొండపల్లి, కవులూరు ప్రాంతంలో కట్టకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా దిగితే గానీ అవి పూడలేదు. మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7 అయింది. వెలగలేరు నుంచి నీరు వదిలే ముందు జనానికి చెప్పారా లేదా అని అధికార, ప్రతిపక్షాలు వాదించుకున్నాయి. చెప్పారనే అనుకుందాం. ఏమని చెప్పినట్టు? 'లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి' అంటే సింగ్‌నగర్‌లో మూడో వీధివాడు ఏం చేయాలి? బండి ఎక్కడ పెట్టాలి? బియ్యం ఎంత ఎత్తుకు చేర్చాలి? ఎన్ని గంటల టైముంది?

వరదల్ని తట్టుకోవడం గురించి మాట్లాడేటప్పుడు మనం జనం గుండెధైర్యాన్నీ, మానవత్వాన్నీ పొగిడి ఊరుకుంటాం. ఖమ్మంలోనూ ఆ సెప్టెంబరు 1నే మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి తెచ్చాడు. పొగడాల్సిందే. అయితే జేసీబీ డ్రైవరు తెగిస్తే తప్ప తొమ్మిది ప్రాణాలు దక్కని స్థితి ఎందుకొచ్చిందన్నది పొగడ్త కింద మరుగున పడిపోతుంది. లంకవాళ్లు బెజవాడవాళ్ల కంటే ధైర్యవంతులేమీ కారు. వాళ్లకు ముందుగా ఒక అంకె అందుతుంది, అది తమ గుమ్మం దగ్గర ఏ ఎత్తుకు సమానమో తెలుసు, ఎక్కడికి పోవాలో తెలుసు. తేడా అంతే.

లంకల జీవితాన్ని ఆదర్శంగా చూపిస్తున్నానని అనుకోవద్దు. పి.గన్నవరం మండలంలో గంటి పెదపూడి లంక వైపు వెళ్లే తాత్కాలిక దారి వరద రాగానే కొట్టుకుపోతుంది. ఆ తర్వాత పిల్లల బడికీ, గర్భిణుల ఆస్పత్రికీ పడవే దిక్కు. నది కోతకు కొబ్బరి తోటలు చెట్టు వెంట చెట్టు ఏట్లో కలుస్తుంటే రైతు చూస్తూ నిలబడతాడు. అలవాటు పడ్డారు కదా అని ప్రభుత్వాలు ఆ ఊళ్లను అలాగే వదిలేస్తాయి. తట్టుకునే శక్తి ఉన్నవాడికి సాయం ఆలస్యమవడం మన దగ్గర రివాజు.

అంకె మనిషికి వ్యతిరేకంగా పనిచేసే చోటు కూడా ఉంది. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల గిరిజనులు 2022 జూలైలో టార్పాలిన్లు పట్టుకుని కొండలెక్కారు. పోలవరం ప్రాజెక్టు మొదటి దశ పునరావాసానికి గీసిన గీత 41.15 మీటర్ల కాంటూరు. ఆ గీతకు పైన ఉన్నారు కాబట్టి మీరు ముంపు బాధితులు కారని కాగితం చెబుతుండగానే ఇళ్లు మునిగాయి. నీటికి లేని గీత పరిహారానికి ఉంది. అక్కడి జనం అడుగుతున్నది వరద సాయం కాదు, ఆ గీత మళ్లీ గీయమని.

ఇక నీరు తీశాక సంగతి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది, కెమెరాలు వెళ్లిపోయేదీ అప్పుడే. విజయవాడలో కొన్ని కాలనీల్లో వారం దాటినా నీళ్లు నిలిచాయి. తీశాక మోకాలి లోతు బురద. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగించడం రాష్ట్ర ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటి, ఒప్పుకోవాలి. తలుపులు ఉబ్బి మూసుకోవు. నానిన దూది పరుపును నలుగురు పట్టినా లేపలేరు. వీధి మొదట్లో ఫ్రిజ్‌లు, వాషింగ్ మిషన్లు, పిల్లల పుస్తకాలు, పెళ్లి ఆల్బమ్‌లు గుట్టలు. ఆటో నడిపేవాడు ఆత్రంగా తాళం తిప్పితే సిలిండర్లోకి చేరిన నీటితో ఇంజనే పోతుంది. మెకానిక్కు దగ్గర వరుస. చాలా బండ్లకు ఉన్నది థర్డ్ పార్టీ బీమా. దానికి వరద నష్టం రాదన్న సంగతి బండి గలవాడికి ఆ రోజే తెలుస్తుంది.

సాయం మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోవడం ఇంకో కథ. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు గుట్టలుగా పడి ఉంటే లోపలి వీధుల్లో పాలప్యాకెట్టు కోసం ఎదురుచూశారు. బయటికి తీసుకురావడానికి ప్రైవేటు పడవలవాళ్లు వేలకు వేలు అడిగారన్న ఫిర్యాదులూ వచ్చాయి. పంచేవాళ్లకు మనసు లేక కాదు. ఏ వీధిలో ఎన్ని ఇళ్లు, ఎవరింట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారు, ఎవరికి డయాలసిస్ ఉందన్న జాబితా పట్టుకుని లోపలికి వెళ్లినవాళ్లు తక్కువ. వార్డు సచివాలయాల్లో ఇంటింటి సమాచారం ఉంది. పింఛను ఇవ్వడానికి పనికొచ్చే ఆ సమాచారం పడవ నడిపేవాడి చేతికి ఎందుకు రాలేదు?

నష్టపరిహారం దగ్గరికి వద్దాం. విపత్తు సహాయ నిధికి కేంద్రం పెట్టిన 2024 నాటి నిబంధనల్లో ఇంట్లో పోయిన బట్టలకు కుటుంబానికి 2,500, వంటసామానుకు మరో 2,500 రూపాయలు. గుడిసెలో రెండు తపేలాలు, నాలుగు చీరలు ఉండే కాలం నాటి ఊహ అది. గోడ కూలితేనే ఇల్లు పోయినట్టు అది లెక్కేస్తుంది. సింగ్‌నగర్‌లో గోడలు నిలబడ్డాయి, లోపలిదంతా పోయింది. రాష్ట్ర ప్రభుత్వం ఆ నిబంధనల్ని పక్కనపెట్టి కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలు ప్రకటించింది. చిన్న దుకాణాలకూ, ఆటోలకూ, బైకులకూ వేరుగా ఇచ్చింది. తెలంగాణ ఖమ్మంలో కుటుంబానికి 16,500 ఇచ్చింది. ఈ మొత్తాలు సరిపోతాయని ఎవరూ అనరు. అయినా పాత కొలత నగరానికి పనికిరాదని రెండు ప్రభుత్వాలూ చేతల్లో ఒప్పుకున్నట్టే.

అసలు చిక్కు డబ్బు దగ్గర రాలేదు, జాబితా దగ్గర వచ్చింది. లెక్క రాసేవాళ్లు వచ్చినరోజు ఇంటికి తాళం. తాళం ఎందుకంటే ఇల్లు ఉండటానికి వీల్లేక వాళ్లు ఊరెళ్లారు! ఆధార్‌లో చిరునామా సొంతూరిది, ఉంటున్నది అద్దెకు. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలవక డబ్బు వెనక్కి పోయింది. ఒకే ఇంట్లో అత్తాకోడళ్లు వేరు కాపురాలుంటే ఒక్కరికే రాశారు. పేరు లేదంటూ కలెక్టరేట్ దగ్గర రోజులకొద్దీ బారులు తీరారు. రోజు కూలీకి ఒక పూట క్యూ అంటే ఒక పూట కూలి. వరదలో పోయిన సామాను కంటే జాబితాలో పోయిన పనిదినాలే కొందరికి ఎక్కువ నష్టం చేసి ఉంటాయి.

నష్టం ఎంతన్నది లెక్కించాక సాయం చేద్దామన్న పద్ధతిలోనే లోపముంది. నీటి ఎత్తు తెలిస్తే ఆ వీధిలో కింది అంతస్తులన్నీ మునిగాయని ఇల్లిల్లూ తిరక్కుండానే తెలుస్తుంది. వీధిని యూనిట్‌గా తీసుకుని, అక్కడ ఉంటున్నవాడు అద్దెకా సొంతానికా అని చూడకుండా మొదటి వారంలోనే కొంత చేతిలో పెట్టి, తేడాలు ఆ తర్వాత సర్దుకోవచ్చు. అనర్హుడు పదిమందిలో ఒకడు దూరిపోతాడన్న భయంతో తొమ్మిదిమందిని నిలబెట్టడం పొదుపు అనిపించుకోదు.

ఆక్రమణల మాట ఎత్తకుండా బుడమేరు గురించి ఎవరూ మాట్లాడరు. వరద తర్వాత ఆపరేషన్ బుడమేరు అన్నారు. కాలువ వెడల్పు చేయాలి, అడ్డుపడిన కట్టడాలు తీయాలి, వివాదం లేదు. కానీ ప్రతిసారీ వేలు చూపించేది కట్ట మీద గుడిసె వైపే. పల్లంలో లేఅవుట్ వేసినప్పుడు ఆమోదించిందెవరు, రిజిస్ట్రేషన్ చేసిందెవరు, కరెంటు మీటరిచ్చి ఇంటిపన్ను వసూలు చేస్తున్నదెవరు? అప్పు తెచ్చి డెబ్బై గజాలు కొనుక్కున్నవాడికి తాను కొన్నది ఏరు పారే దారిలోనిదని ఏ కాగితమూ చెప్పలేదు. 2005లోనూ ఈ ప్రాంతం మునిగింది. ఆ తర్వాత ఇక్కడికి వచ్చి చేరినవాళ్లలో ఎందరికి ఆ సంగతి తెలుసు?

తెలియకపోవడానికి మరో కారణం ఉంది, అది మనలోనే ఉంది. గోడ మీద వరద మరక కనిపిస్తే అద్దె తగ్గుతుంది, అమ్మబోతే ధర పడిపోతుంది. కాబట్టి నీరు తీశాక ఇంటివాడు ముందు చేసే పని సున్నం కొట్టించడం. గోదావరి గట్టున 1986 నీటి గుర్తును వేలితో చూపించే పెద్దమనిషి ఉంటాడు. అది అతనికి పనికొచ్చే జ్ఞానం. నగరంలో అదే గుర్తు ఆస్తికి తగిలే దెబ్బ. వరదను మరిచిపోతేనే లాభం వచ్చే చోట, జ్ఞాపకం ఉంచుకునే బాధ్యత ఇంటివాడికి వదిలేయకూడదు. ప్రభుత్వమే తీసుకోవాలి. 2024లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి కరెంటు స్తంభం మీద, బడి గోడ మీద చెరగని రంగుతో గీయాలి. ఇల్లు అమ్మే దస్తావేజులో ఆ ఎత్తు రాయాలి. రియల్ ఎస్టేట్‌వాళ్లు గగ్గోలు పెడతారు, పెట్టనివ్వండి.

భద్రాచలానికి ఉన్నట్టే వెలగలేరుకు మూడు అంకెలు ఖాయం చేసి, ఏ అంకెకు ఏ కాలనీలో ఎన్ని అడుగుల నీరు చేరుతుందో, ఎన్ని గంటల్లో చేరుతుందో వీధి పేరుతో సహా ముందే ప్రకటించడానికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. కృష్ణ మట్టం, కొండల్లో వాన, కాలువ సామర్థ్యం జలవనరుల శాఖ దగ్గర ఉన్న లెక్కలే. ఖమ్మంలో మున్నేరుకూ అదే చేయొచ్చు.

బుడమేరు పరిసరాల్లో ఉంటున్నవారికి ఒక విన్నపం. ఈసారి ఓటు అడగడానికి వచ్చే కార్పొరేటర్‌నో, ఎమ్మెల్యేనో రోడ్డు, కాలువ, ఇళ్ల పట్టాతో పాటు ఇంకొక్కటి అడగండి: వెలగలేరు దగ్గర ఎన్ని అడుగులు వస్తే మా వీధి మునుగుతుంది? జవాబు నోటిమాటగా వద్దు, వార్డు సచివాలయం గోడ మీద రాయించమనండి.