ముడి సిగ్నల్ కూడా దాచాలి

ప్రోటీన్ బొమ్మలా నిలబడి ఉండేది కాదు. నీటిలో కదులుతుంది, వంగుతుంది, రూపు మార్చుకుంటుంది. ఆ కదలికను పరమాణువుల స్థాయిలో పట్టిచ్చే సాధనం ఎన్ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్). ఆ కొలతలను దాచే బహిరంగ ఖజానా బీఎంఆర్‌బీ అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టి, 2006లో ప్రపంచ ప్రోటీన్ డేటా బ్యాంకు కూటమిలో చేరింది. అందులోని సమాచారం ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. ఎన్ఎంఆర్‌తో తేల్చిన నిర్మాణాన్ని జమచేసేవారు, ఒక్కో పరమాణువు శిఖరం సిగ్నల్‌లో ఎక్కడ పడుతుందో చెప్పే కెమికల్ షిఫ్ట్ విలువలు కూడా ఇవ్వాలన్న నియమం 2010లో వచ్చింది. మంచి నియమమే, కానీ సగం దారిలో ఆగింది. యంత్రం నమోదు చేసిన ముడి సిగ్నల్ ఇవ్వడం మాత్రం జమచేసేవారి ఇష్టానికే వదిలేశారు. ఆ సిగ్నల్‌లో ఏది అసలు శిఖరం, ఏది రొద, ఏ శిఖరం ఏ పరమాణువుది అని పరిశోధకులు తేల్చాకే కెమికల్ షిఫ్ట్ విలువలు పుడతాయి. ఆ తీర్పు సరైనదో కాదో, రేపు మెరుగైన సాఫ్ట్‌వేర్‌తో ఇంకేం కనబడుతుందో చూడాలంటే ముడి సిగ్నలే దిక్కు. విద్యార్థి డాక్టరేట్ పుచ్చుకుని వెళ్లిపోయాక అది ల్యాబ్ మూలన పాత హార్డ్‌డిస్కులో చెడిపోతే, మళ్లీ అదే ప్రోటీన్‌ను తయారుచేసి, శుద్ధిచేసి, ఖరీదైన యంత్రం ముందు రోజుల తరబడి కూర్చోవాలి. ప్రజల సొమ్ముతో జరిగిన ప్రయోగాలకైనా ముడి సిగ్నల్ జమచేయడాన్ని నిధులిచ్చే సంస్థలు, పరిశోధన పత్రికలు వెంటనే తప్పనిసరి చేయాలి.