డోలీ మోసిన భుజములు

యుద్ధమన్నంతనే ఖడ్గము పట్టినవానిని లోకము స్మరించును. గాయపడినవానిని మోసి తెచ్చినవానిని మఱచును. మనవారి విషయమున నీ మఱపు మఱింత గాఢమైనది.

1899లో దక్షిణాఫ్రికాయందు ఆంగ్లేయులకును బోయర్లకును యుద్ధము ప్రారంభము కాగా, నేటాలులోని భారతీయులు గాంధీగారి నాయకత్వమున క్షతగాత్రుల సేవకై యొక దళమును నెలకొల్పిరి. అందు సుమారు 1100 మంది చేరిరి. స్వతంత్రులు 300 మంది. తక్కినవారందఱును ఒడంబడిక కూలీలు.

వైద్యశాల రైలుస్టేషను చెంత నుండెను. రణరంగము 7 మైళ్లు మొదలు 25 మైళ్ల దూరమున నుండెను. నడుమ బండ్లు పోదగిన బాట లేదు. కావున గాయపడినవారిని డోలీలపై నుంచి, దినమునకు 20, 25 మైళ్లు వీరు భుజములపై మోసిరి. గుండ్లు పడుచోటికి వీరు పోనక్కఱలేదని మొదట నియమముండెను. 1900 జనవరిలో స్పయన్ కాప్ కొండపై ఆంగ్లసేన దెబ్బతినినప్పుడు సేనాని బుల్లరు, నిర్బంధము లేదనుచునే, వచ్చినచో కృతజ్ఞుడనని కబురంపెను. మనవారు సంశయింపక పోయిరి. ప్రాణాంతకముగ గాయపడిన జనరల్ వుడ్‌గేటును మోసినవారు వీరే.

దళనాయకులు 37 మందికి యుద్ధపతకములు లభించినవి. కూలీలకు లభించినదేమి? ఒడంబడిక తీఱినవారిపై 1895లో విధించిన 3 పౌనుల పన్ను 1914 వఱకు రద్దు కాలేదు.

పరుల సామ్రాజ్యమునకై మనకేల యీ శ్రమయని కొంద ఱాక్షేపింతురు. తమ సానుభూతి బోయర్లయందే యుండెననియు, పౌరుల హక్కులు కోరువారు పౌరుల భారమును మోయవలెనని యప్పుడు తలంచితి మనియు గాంధీగారే వ్రాసిరి. 1920 ఆగస్టులో వారా పతకమును రాజప్రతినిధికి త్రిప్పి పంపిరి. పతకము త్రిప్పి యీయవచ్చును. మోసిన మోత త్రిప్పి యీయరాదు. ఆ యెనిమిదివందల మందికి త్రిప్పి యిచ్చుటకైనను పతకము లేదు.

1860 మొదలు మద్రాసు రేవునుండి నేటాలు పోయిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును పెక్కుమంది కలరు. ఆ డోలీల క్రింద మన గ్రామములవారి భుజములు లేవని యెవరు చెప్పగలరు? నాటి నౌకల పట్టికలలో కూలీల పేరు, తండ్రి పేరు, జిల్లా, గ్రామము వ్రాయబడి, నేటికిని భద్రముగ నున్నవి. ప్రతి పట్టణమునందలి గ్రంథాలయమును తన జిల్లావారి పేళ్లను అందుండి వ్రాయించి గోడపై నుంచవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు ధనముకంటె ఓపిక ముఖ్యము. పేరు తెలియనివానికి నమస్కరించుట సులభము. పేరు వెదకి నమస్కరించుట ధర్మము.