పేరులో ఉన్న ప్రాణం

ఈ వేసవి సెలవులలో ఉర్సులా లెగ్విన్ రచించిన ఎర్త్‌సీ నవలలు నాలుగింటిని వరుసగా చదివాను. మాంత్రికుల కథలనగానే మీలో కొందరు పెదవి విరుస్తారని తెలుసు. అయినా ఈ నవలలను పిల్లలకన్నా ముందు పెద్దలు, అందునా భాష బోధించేవారు చదవవలసి ఉందని నా అభిప్రాయం.

మొదటిదైన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' 1968లో వెలువడింది. గాంట్ ద్వీపంలో మేకలు కాచుకునే కుర్రవాడు గెడ్, రోక్ ద్వీపంలోని మాంత్రికుల పాఠశాలలో చేరతాడు. మాంత్రికుల బడి హ్యారీ పాటర్‌తోనే పుట్టిందనుకునే పిల్లలకు ఆ సంవత్సరం ఒకసారి చెప్పి చూడండి. మన బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది; ఎర్త్‌సీలో ప్రాణం పేరులో ఉంటుంది. ప్రతి వస్తువుకూ ఆదిభాషలో ఒక నిజనామం ఉన్నది, దానిని ఎరిగినవానికే ఆ వస్తువుపై అధికారం. కనుక మనుషులు నిజనామాన్ని దాచుకొని మారుపేరుతో చలామణీ అవుతారు. రాత్రివేళ పామును పామనక పురుగు అనే మన పెద్దలకు ఈ లోకం కొత్తగా తోచదు.

నాకు మిక్కిలి నచ్చిన ఘట్టం డ్రాగన్‌తో సంవాదం కాదు, నీడతో పోరాటమూ కాదు. పాఠశాలకు దూరంగా ఉన్న ఒంటరి గోపురంలో విద్యార్థులు నెలల తరబడి పేర్లు వల్లెవేస్తారు. గురువు రాసిచ్చిన పట్టికలోని సిరా అర్ధరాత్రికి మాసిపోతుంది. ఆలోగా కంఠస్థం కావాలి. సముద్రాన్ని శాసించదలచినవానికి సముద్రమన్న మాట ఒక్కటి చాలదు, అందులోని ఒక్కొక్క పాయకూ, అఖాతానికీ పేరు తెలియాలి. బట్టీ చదువును నిందించడం మా ఉపాధ్యాయులకు అలవాటు (నేనూ నిందిస్తూనే ఉంటాను). కాని కనిపించిన పక్షినల్లా పిట్ట అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే పిల్లలను రోజూ చూసే నాకు, ఆ గోపురం శిక్షగా కాక భాగ్యంగా కనిపించింది.

నాలుగింటిలోనూ ఉత్తమమైనది రెండవది, 1971లో పుస్తకంగా వచ్చిన 'ది టూంబ్స్ ఆఫ్ అటువాన్'. టెనార్ అనే పసిపిల్లను, మరణించిన ప్రధాన పూజారిణే మళ్ళీ పుట్టిందని తల్లిదండ్రుల నుండి తీసుకుపోతారు. ఆరేళ్ళ వయసులో ఆమె పేరును చీకటి దేవతలకు నైవేద్యం చేసి 'భక్షింపబడినది' అన్న అర్థం గల పేరు పెడతారు. ఇక ఆమె ఏలుబడి అంతా దీపం వెలిగించరాని భూగర్భపు దారులలో. తాళిబొట్టంత విలువైన ఒక కంకణపు ముక్కకోసం గెడ్ అక్కడికి వచ్చి ఆమెకే బందీ అవుతాడు. అంతటి మాంత్రికుడు ఆమెకు ఇచ్చేదేమిటి? ఆమె పేరు ఆమెకు తిరిగి ఇస్తాడు. బడి పట్టికలో తన పేరు వేరొక రూపంలో పడి, దానికే పలకడం నేర్చుకున్న పిల్లలు మన ఊళ్ళలో ఎందరో మీకు తెలుసు. వారిలో ఒకరికైనా ఈ నవల చదివి వినిపించండి.

1972 నాటి మూడవ నవల 'ది ఫార్దెస్ట్ షోర్' ఉపదేశాల బరువుతో కుంగింది. మృత్యులోకపు వర్ణన లేకపోతే సగంలో మూసేవాడిని. 1990లో వచ్చిన 'టెహాను'లో టెనార్ నడివయసు వితంతువు, గెడ్ శక్తి ఉడిగినవాడు, వారి మధ్య నిప్పులలో కాలిన ఒక పసిపిల్ల. గొప్ప నవలే, కాని దానిని బడి పిల్లల చేతికి ఇవ్వను.

మరొక్క మాట. గెడ్‌ది రాగి చాయ, అతని మిత్రుడు నల్లనివాడు. 2004లో టెలివిజన్ వారు గెడ్‌ను తెల్లవానిగా చూపితే రచయిత్రి బాహాటంగా ఆక్షేపించారు. బొమ్మ చూడకముందే పుస్తకం చదివించండి. టెనార్ కథతో మొదలుపెట్టినా అర్థానికి లోటుండదు.