నీలం అద్దాల ట్యాంకులు, నా ఏడుపు

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త కోపం మీద రాస్తున్న టపా. ప్లాస్టిక్ ట్యాంకు బొమ్మలు కట్టే పిచ్చి లేనివాళ్ళు కూడా చదవొచ్చు. ముఖాన కళ్ళజోడు ఉంటే చాలు.

వారమంతా కోడు, శని ఆదివారాలు 1/35 సైజు యుద్ధవాహనాలు. ఇదీ నా బతుకు. మా బొమ్మల లోకంలో ఒక వంటకం ఉంది. పెరిస్కోపు అద్దానికి ముందు వెండి రంగు వెయ్యాలి. దాని మీద టమియా ఎక్స్-23 క్లియర్ బ్లూనో, ఎక్స్-25 క్లియర్ గ్రీనో పుయ్యాలి. అంతే, అద్దం తయార్! రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ అయినా అదే, టీ-34 అయినా అదే, నిన్నగాక మొన్నొచ్చిన ట్యాంకైనా అదే. ఎందుకూ అంటే "అందరూ అలాగే చేస్తారు" అంటారు. మన ఆఫీసుల్లో ఎప్పుడో ఎవడో రాసిన ఫంక్షన్ని, ఎందుకుందో తెలీకుండా ప్రాజెక్టు ప్రాజెక్టుకీ కాపీ పేస్ట్ చేసినట్టన్నమాట.

దొంగని నేనూ ఒకణ్ణే లెండి. మొదటిసారి బీఎంపీ-2 కట్టినప్పుడు నేనూ అదే చేశాను. సంగారెడ్డి దగ్గర యెద్దుమైలారంలో 1984లో పెట్టిన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో 'సారథ్' పేరుతో తయారైన బండి అదే. మనూళ్ళ బండి కదా అని మరీ ముచ్చటపడి, ఉన్న అద్దాలన్నిటికీ వెండి, పైన నీలం. తళతళలాడిపోయింది. ఫోటోలు తీసుకుని మురిసిపోయాను.

పండక్కి మా మేనమామ వచ్చాడు. సైన్యంలో ఆ బండికే డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బొమ్మని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"బానే ఉంది గానీ అల్లుడూ, ఈ అద్దాలేంట్రా, పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లు పెట్టినట్టు? ఇంతలా మెరిస్తే అవతలివాడికి 'ఇక్కడున్నాం రారా' అని చెప్పినట్టే గదా. మా బండి అద్దాలు బయట్నించి నల్లగా ఉండేవి. నూతిలోకి తొంగిచూసినట్టు" అన్నాడు. బొమ్మ టేబుల్ మీద పెట్టేసి కాఫీ అడిగాడు. అంతే.

ఆ నుయ్యి నాకు నిద్ర పట్టనివ్వలేదు. లెక్క వేసి చూస్తే ఆయన చెప్పిందే నిజం.

మామూలు గాజు తన మీద నేరుగా పడిన వెలుగులో ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతాన్నే వెనక్కి పంపుతుంది. మిగతాది దాదాపు అంతా లోపలికి పోతుంది. లోపలేముంది? తలుపులన్నీ బిగించిన ఇనప డబ్బా. వెళ్ళిన వెలుగు తిరిగిరాదు, అందుకే నలుపు. "పెరిస్కోపులో దర్పణాలుంటాయి కదా" అంటారేమో. అవి వెలుగుని కిందున్న డ్రైవరు కంటిదాకా చేర్చడానికి, బయటున్న మనకి తిప్పి కొట్టడానికి కాదు. ఏటవాలుగా చూసినప్పుడు మాత్రం ఆకాశం మెరుస్తుంది. ఆ నీలం ఆకాశానిది. దాన్ని తీసుకెళ్ళి మనం గాజుకి అంటగడుతున్నాం.

మరి ఆకుపచ్చ ఛాయ సంగతేంటి? అది నిజమే. మామూలు గాజులో కొద్దిగా ఉండే ఇనుము వల్ల వస్తుంది, మందం పెరిగేకొద్దీ చిక్కబడుతుంది. ఇంట్లో టీపాయ్ అద్దం అంచు చూడండి, తెలుస్తుంది. అసలు మజా ఇక్కడుంది. సెంటీమీటరుకి 95 శాతం వెలుగుని పోనిచ్చే గాజు ఒకటుందనుకుందాం. 7 సెంటీమీటర్ల మందంలో 0.95ని ఏడుసార్లు గుణించాలి, సుమారు 70 శాతం మిగులుతుంది. ఆ 7 సెంటీమీటర్లు 1/35లో 2 మిల్లీమీటర్లు. అదే గాజుని 2 మిల్లీమీటర్లు కోసి పెడితే 99 శాతం వెలుగు పోతుంది, రంగే కనబడదు! బండిని 35 రెట్లు కుదించొచ్చు, వెలుగుని కుదించలేం. కాబట్టి ఛాయని 35 రెట్లు చిక్కగా మనమే కలపాలి. "పారదర్శక ప్లాస్టిక్ పెట్టేశాం, అదే సహజం" అనేవాళ్ళు కూడా తప్పే అన్నమాట.

ఇంకో జబ్బు, గులాబీ బంగారు మెరుపులు. ఇప్పటి బండ్లలో కొన్నిటికి లేజర్ నుంచి కళ్ళని కాపాడే పూతలుంటాయి, అవి అలా మెరుస్తాయి, ఒప్పుకుంటా. కానీ మొదటి లేజర్ వెలిగిందే 1960లో. 1944 నాటి టైగర్ ట్యాంకుకి ఆ మెరుపేంటండీ? పైగా పూత రంగు ఒకచోట నిలవదు. మీ యాంటీ గ్లేర్ కళ్ళజోడు తీసి ట్యూబులైటు కింద వంచి చూడండి, కోణం మారితే మెరుపు రంగు మారుతుంది. డబ్బాలో రంగుకి ఆ విద్య రాదు. ఇక థర్మల్ సైట్లకి పెట్టే జెర్మేనియం కటకమైతే మన కంటికి అసలు పారదర్శకమే కాదు. బూడిదరంగు లోహంలా ఉంటుంది. దానిక్కూడా నీలం పులిమేవాళ్ళకి నమస్కారం.

"ఇది కళ, చూడ్డానికి బావుంటే చాలు" అంటారు. సరే. మరి ఇదే పెద్దమనుషులు బోల్టు ఒకటి తక్కువైతే, ఆకుపచ్చ ఒక పిసరు ముదిరితే కత్తులెందుకు దూస్తారు? బోల్టు దగ్గర చరిత్ర, అద్దం దగ్గర కళ! బండి మొత్తమ్మీద మనిషి కన్ను ఆనించేది ఆ అద్దానికే. అక్కడే మనకి నిజం అక్కర్లేకపోయింది.

నేనిప్పుడేం చేస్తున్నానంటే, వెనక మెరుపు లేని నలుపు. దాని ముందు పారదర్శక ప్లాస్టిక్ ముక్క. ముక్క వెనకవైపు ఎక్స్-25లో కాస్త ఎక్స్-19 స్మోక్ కలిపి రెండు పల్చటి పూతలు. ముందువైపు శుభ్రంగా, నున్నగా. లేజర్ పూతున్న కొత్త బండ్లకైతే గిఫ్టు షాపుల్లో బొకేలకి చుట్టే రంగులు మారే పల్చటి కాగితం, నలుపు మీద. అది పొరలు పొరలుగా ఉంటుంది, కళ్ళజోడు పూత సూత్రమే. రూపాయల్లో పని.

ఇలా చేసిన బండిని ఒక పోటీకి పట్టుకెళ్తే "అద్దాలకి రంగు వెయ్యడం మర్చిపోయారు" అని మార్కులు కోశారు. నీలం అద్దాల బండికి బహుమతి. కొయ్యనీండి.

మళ్ళీ పండక్కి మావయ్య వచ్చినప్పుడు అదే బొమ్మ చేతికిచ్చాను. ఈసారి కాఫీ అడగలేదు. డ్రైవరు ముందున్న మూడు అద్దాల్లో మధ్యదాని మీద వేలు పెట్టి, "నీళ్ళలో దిగేటప్పుడు దీన్ని పీకి పొడుగుది పెట్టేవాళ్ళంరా" అని మొదలెట్టాడు. అన్నం చల్లారిపోయిందని అత్తయ్య కేకలేసేదాకా చెబుతూనే ఉన్నాడు.

నాకు ఆ బహుమతి చాలు. ఆ వెండి రంగు డబ్బా ఏం చేసుకుంటారో ఇక మీ ఇష్టం.