యాత్రాపునరుద్ధరణము

కరోనా పిదప యాత్రలు కోలుకొన్నవని పలువురు సంతసించుచున్నారు. కోలుకొనుట యనఁగా నేమి? హుండి నిండుటయా?

2020 మార్చి 20వ తేదీన తిరుమలలో భక్తులకు దర్శనము నిలిచెను. స్వామికిఁ బూజలు లోపింపలేదు. కూడు లోపించినది పూలమ్మువారికి, బండ్లు తోలువారికి. వారికొఱకైనను యాత్రలు సాగవలసినదే. జూన్ 11న సామాన్యభక్తులకు దర్శనము తిరిగి మొదలైనప్పుడు మితసంఖ్యయు, నియమితకాలమును, నడుమ నెడమును పాటింపఁబడెను. అందువలన భక్తి తఱిగెనా?

ఆ పాఠమును మఱచితిమి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వారదర్శనపు టోకెన్లకడ త్రొక్కిసలాటలో ఆఱుగురు మరణించిరి. ద్వారము పదిదినములు తెఱవఁబడునుగదా! గుంపును రక్షించు భారము అధికారులది. తొలిదినమే పుణ్యమను పట్టుదల విడుచు భారము మనది.

చదువరులారా! యాత్రికుఁడు క్షేమముగా నిల్లు చేరిననాఁడే యాత్ర కోలుకొన్నట్లు.