చట్టానికి కనపడని చిత్తడి

మార్చి నెలాఖరుకి దర్శిలో ఎవర్ని కదిలించినా మిరపకాయల మాటే. కల్లాల్లో కాయ ఆరుతుంటుంది. గుంటూరు యార్డులో ఇవాళ తేజ రకం ఎంత పలికిందో టీ కొట్ల దగ్గర లెక్కలు తేలుతుంటాయి. పత్తి కట్టె పీకేసిన చేలు బోసిపోయి ఉంటాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే, అద్దంకి, మేదరమెట్ల మీదుగా రెండు గంటలు ప్రయాణం చేస్తే చేరుకునే చినగంజాం ఉప్పు కొఠార్లలో ఇంకో సుగ్గి నడుస్తుంటుంది. చలికాలమంతా మన తీరాన గడిపిన వలస పిట్టలు తిరుగు ప్రయాణానికి ముందు ఒళ్లు చేసుకునే సుగ్గి అది.

పక్షుల్ని చూడాలంటే నేలపట్టుకో, పులికాట్‌కో, కొల్లేరుకో వెళ్లాలనుకుంటాం. గూడబాతులూ రాజహంసలూ పెద్ద పిట్టలు, ఫొటోలో నిండుగా ఉంటాయి. వాటి పేరు మీద సూళ్లూరుపేటలో పండగ కూడా చేస్తారు. ఉప్పు మడుల్లో తిరిగేవి చిన్నవి, బురద రంగువి. గట్టు మీద నిలబడి చూస్తే మొదట ఏమీ కనపడదు. కాసేపు ఓపిక పడితే బురదే కదులుతున్నట్టుంటుంది. బైనాక్యులర్ పెడితే ఒక్కో మడిలో వందల పిట్టలు తలెత్తకుండా తింటూ కనపడతాయి.

వాటిలో లిటిల్ స్టింట్ అని ఒకటుంది. గుప్పెడు ఎండుమిరపకాయల బరువుంటుంది, అంతే. సూదిలాంటి నల్ల ముక్కుతో తడి మట్టిని పొడుస్తూనే ఉంటుంది. ఇంతటి ప్రాణి జూన్ నాటికి ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాలో గుడ్లు పెట్టాలి. దాని పక్కనే, కొస కిందికి వంగిన ముక్కుతో మేసే కర్ల్యూ శాండ్‌పైపర్‌ది కూడా సైబీరియా దారే. జనవరిలో బూడిద రంగులో ఉన్న ఈ పిట్టకి మార్చి దాటేసరికి రొమ్ము మీద ఇటుక రంగు మచ్చలు మచ్చలుగా పొడుచుకొస్తుంది. సగం పాత ఈకలు, సగం కొత్తవి. పెళ్లి బట్టలు కట్టుకుంటూ మధ్యలో భోజనానికి కూర్చున్న వాలకం. ఎండలు ముదిరే కొద్దీ ఇవి వెళ్లిపోతాయి. తిరుగు ప్రయాణానికి ముందు వీటిని ఈ రంగులో చూసే అవకాశం మనకి ఈ కొద్ది వారాలే.

ఉప్పు మడిలో తిండి ఎక్కడిదని అనుమానం రావచ్చు. తోడిన ఉప్పునీళ్లు ఒక్కసారే ఉప్పు కావు. మడి నుంచి మడికి మళ్లుతూ, ఎండకి ఇగురుతూ చిక్కబడతాయి. చిక్కబడే కొద్దీ చేపలు బతకలేవు. చేపలు లేని చోట ఉప్పు ఈగల పిల్లపురుగులూ, చిన్న చిన్న రొయ్యజాతి జీవాలూ పెరిగిపోతాయి. నీళ్లేమో బాగా లోతు తక్కువ. పొట్టి కాళ్ల పిట్టకి నిలబడ్డానికి చోటు, ఎదురుగా తిండి. అటు చివరి మడుల్లో మనుషులు పలకలతో తెల్లటి ఉప్పు లాగుతుంటారు, ఇటు మధ్య మడుల్లో పిట్టలు మేస్తుంటాయి. ఒకళ్ల జోలికి ఇంకొకళ్లు పోరు.

"పిట్టల్తో మాకేం పేచీ లేదు సారూ. అయ్యి ఉప్పు తినవు గదా. మా పేచీ అంతా రేటుతోనే" అన్నాడు తాటాకు కప్పిన కుప్ప పక్కన కూర్చున్న ఒక పెద్దాయన. ఈ వారం నేను చెప్పాలనుకున్నదంతా ఆయన మూడు ముక్కల్లో తేల్చేశాడు.

దేశంలో పండే ఉప్పులో నాలుగింట మూడు వంతులకు పైగా గుజరాత్‌దే. అక్కడి పెద్ద పెద్ద కంపెనీల సంచి ఉప్పు మన పల్లెటూరి చిల్లర కొట్టుదాకా వచ్చేసింది. దాంతో పోటీపడలేని చిన్న ఉప్పు రైతుకి కళ్లెదుటే ఇంకో దారి కనపడుతుంది: మడిని లోతుగా తవ్వి రొయ్యల చెరువు చెయ్యడం. తవ్వాక అక్కడ నాలుగడుగుల నీళ్లుంటాయి. స్టింట్ కాలు ఆనదు. పైగా పిట్టలు వైట్ స్పాట్ తెగులు మోసుకొస్తాయన్న భయంతో చెరువు మీద తాళ్లు కడతారు, వలలు కప్పుతారు. రొయ్యల రైతుని తప్పుపట్టలేం. సీడుకీ మేతకీ అప్పు తెచ్చినవాడు కొంగని చూసి మురిసిపోడు. తీరంలో రొయ్యల సాగు మీద 1996లో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి సాగుకి కొత్త దారి వేసింది. ఆ తర్వాత వనామి రొయ్య వచ్చాక తీరమంతా చెరువులు పెరిగాయి.

మరి చిత్తడి నేలల్ని కాపాడే నిబంధనలు ఏం చేస్తున్నాయి? 2010 నాటి నిబంధనల్లో మనిషి తవ్విన చిత్తడి నేలలకీ చోటుండేది. వాటి స్థానంలో 2017లో వచ్చిన కొత్త నిబంధనలు తాగునీటి కోసం కట్టిన చెరువుల్నీ, సాగునీటికీ రొయ్యలకీ ఉప్పుకీ కట్టిన మడుల్నీ, చెరువుల్నీ లెక్కలోంచి తీసేశాయి. అంటే వేల పిట్టలు మేసే ఉప్పు మడి చట్టం దృష్టిలో చిత్తడి నేలే కాదు. సాగర్ కుడి కాలువ నీళ్లతో నిండే మన దర్శి సమ్మర్ స్టోరేజీ ట్యాంకుదీ అదే కథ. గట్టున తీతువులు అరుస్తున్నా, నీళ్ల మీద కొంగలు వాలుతున్నా అది నీళ్ల ట్యాంకు మాత్రమే.

ప్రపంచం లెక్క వేరు. 1971 నాటి రామ్‌సర్ ఒప్పందం మనిషి కట్టిన ఉప్పు మడుల్ని కూడా చిత్తడి నేలల కిందే చూస్తుంది. ఉప్పు పండించే రాజస్థాన్ సాంభార్ సరస్సుకి 1990లోనే ఆ గుర్తింపు దక్కింది. ముప్పై దేశాల మీదుగా సాగే మధ్య ఆసియా వలస దారిని కాపాడతామని మన ప్రభుత్వం 2018లో కార్యాచరణ ప్రణాళిక కూడా ప్రకటించింది. 2020లో వలస జీవుల మీద అంతర్జాతీయ సదస్సుని గాంధీనగర్‌లో మనమే జరిపాం. దారిలో పిట్ట తినే మడుల్ని ముందే లెక్కలోంచి కొట్టేసి, దారిని కాపాడతామని దేశాలన్నిటికీ మాటిచ్చాం.

అలాగని ఉప్పు మడుల్ని కూడా రక్షిత ప్రాంతంగా ప్రకటించెయ్యమని నేనడగను. మినహాయింపు వెనక న్యాయం లేకపోలేదు. గట్టు వేసుకోవడానికీ, తూము మార్చుకోవడానికీ ఉప్పు రైతు ఆఫీసుల చుట్టూ తిరగాల్సొస్తే మిగిలినవాడు కూడా మడి వదిలేస్తాడు. కొల్లేరు అనుభవం మన ముందే ఉంది. 1999లో అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. పిట్టలకీ మనుషులకీ మధ్య తగవు మాత్రం ఇప్పటికీ తీరలేదు. చినగంజాంలో ఆ తగవు లేదు. లేనిదాన్ని మనం తెచ్చిపెట్టక్కర్లేదు.

ఇక్కడ పిట్టని పోషిస్తున్నది ఉప్పు రైతు వృత్తి. ఆ వృత్తి గిట్టుబాటైనన్నాళ్లు మడి మడిగానే ఉంటుంది. కాబట్టి చెయ్యాల్సింది రెండే పనులు. నీటి పక్షుల గణన ఏటా జనవరిలో చేస్తారు. మార్చి చివర్లో ఇంకోసారి ఉప్పు మడుల దగ్గర కూడా లెక్క రాయాలి. తిరుగు ప్రయాణంలో ఎన్ని పిట్టలు ఇక్కడ ఆగుతున్నాయో కాగితం మీద ఉంటే, రేపు మడి చెరువుగా మారేటప్పుడు ఏం పోతోందో అడిగే దిక్కుంటుంది. ఒంగోలు, చీరాల కాలేజీల జంతుశాస్త్రం పిల్లలు ఒక్క ఆదివారం వెచ్చిస్తే అయిపోయే పని.

రెండోది అంతకంటే ముఖ్యం. హాస్టళ్లకీ, బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ప్రభుత్వం ఎలాగూ ఉప్పు కొంటుంది. అందులో కొంత ఈ తీరపు ఉప్పు రైతుల దగ్గర, అయోడిన్ కలిపే ఏర్పాటు చేసి, ముందే చెప్పిన ధరకి కొంటే చాలు. అటవీ శాఖ బోర్డు పాతక్కర్లేదు, కాపలా పెట్టక్కర్లేదు. పౌర సరఫరాల శాఖ ఒక్క టెండరు పిలిస్తే సరిపోతుంది.